మందగమనము నేరమైన వీథి

మోటారుకారు పుట్టిననాటినుండియు ప్రభుత్వములు దాని వేగమునకు జంకుచునే యున్నవి. గంటకు ఇన్ని మైళ్ళకు మించి పోరాదని నిబంధనలు చేసినవి. మించినవారికి జరిమానాలు విధించినవి. ఇది అందరెరిగిన కథయే. కాని ఒకచోట, ఒక కాలమున, కార్లు మిక్కిలి క్రిందుగా ఉన్నవనియు, మిక్కిలి మెల్లగా పోవుచున్నవనియు చట్టములు వెలసినవి. 1958లో మొదలైన ఆ కథ 2024 జనవరి 1వ తేదీన గాని ముగియలేదు. ఆ చోటు అమెరికా దేశమునందలి కాలిఫోర్నియా రాష్ట్రము. ముఖ్యముగా అందలి లాస్ ఏంజెలెస్ ప్రాంతము. ఆ కార్లను అచ్చటివారు 'లోరైడర్లు' అందురు. అనగా నేలనంటి నడచునవి. వారాంతపు రాత్రులలో అవి ఒక వీథిలో చేరి, బారులుతీరి, మనిషి నడకకంటె కొంచెమే వేగముగా సాగు వేడుకకు 'క్రూజింగ్' అని పేరు.

కారు విలాసవస్తువే గదా, దాని వేడుకల చరిత్రతో మనకేమి పని యని శ్రోతలు అడుగవచ్చును. రాత్రివేళ వీథి యెవరిదను ప్రశ్న ఈ చరిత్రలో ఇమిడియున్నది. ఆ ప్రశ్న ప్రతి పట్టణమునకును ఎదురగునదే. అందుచేతనే ఈ కథను ఈ ప్రసంగమునకు ఎన్నుకొంటిమి.

లాస్ ఏంజెలెస్ నగరమునకు తూర్పుదిక్కున ఈస్ట్ లాస్ ఏంజెలెస్ అను ప్రాంతము కలదు. అచ్చటి జనులలో అత్యధికులు మెక్సికో సంతతివారు. 1848 వరకు కాలిఫోర్నియా మెక్సికో దేశములోని భాగమే. ఆ యేట జరిగిన గ్వాడలూపే హిడాల్గో సంధివలన అది అమెరికాకు దక్కినది. మెక్సికో పట్టణములలో సాయంకాలమున ఊరి నడిబొడ్డుననున్న చౌకమునందు షికారు తిరుగుట పూర్వాచారము. యువకులు ఒక దిశగాను, యువతులు ఎదురుదిశగాను చౌకము చుట్టును నడతురు. పెద్దలు బల్లలమీద కూర్చుండి చూచుచుందురు. దీనిని 'పసేయో' అందురు. ఎవరి దుస్తులెట్లున్నవి, ఎవరు ఎవరిని చూచి నవ్విరి, ఎవరింట పెండ్లి కానున్నది — ఊరి వార్తలన్నియు అచ్చటనే తేలును. కాలిఫోర్నియాలోని విశాలమైన నగరమునందు కాళ్ళకు మారుగా చక్రములు వచ్చినవి. చౌకమునకు మారుగా విట్టియర్ బులెవార్డు అను పెద్దవీథి ఏర్పడినది. చూచుట, చూడబడుట అను ఆనందము మాత్రము మునుపటిదే.

ఆ యువకులు తమ వేషముచేత అధికారుల ఆగ్రహమునకు గురియగుట కార్లతో ఆరంభమైనది కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పొడవైన వదులు కోట్లు, చీలమండలకడ బిగించిన వెడల్పు పంట్లాములు ధరించుట వారిలో వాడుకయైనది. ఆ దుస్తులను 'జూట్ సూట్' అనిరి. 1943 జూన్ నెలలో నావికులు, సైనికులు గుంపులుగా వచ్చి, ఆ దుస్తులలోనున్న కుర్రవాండ్రను వీథులలోను, సినిమాహాళ్ళలోను పట్టి కొట్టి, ఒడలిమీది బట్టలు ఊడదీసిరి. పోలీసులు దెబ్బలు తిన్నవారినే వందలకొలది నిర్బంధించిరి. అటుపిమ్మట నగరసభ ఆ దుస్తులను నిషేధింపవలెనని తీర్మానము చేసెను. వేషమే నేరమను తలపు అప్పుడే నాటుకొన్నది. పదునైదేండ్ల పిదప ఆ తలపు కార్లమీదికి మరలినది.

యుద్ధము ముగిసిన తరువాత కాలిఫోర్నియాలో పనులు పెరిగినవి, జీతములు పెరిగినవి. కొత్తకారు కొనలేని కుటుంబములకు పాతకారు అందుబాటులోనికి వచ్చినది. మెక్సికో సంతతి యువకులు పాత షెవ్రొలే కార్లను కొని, వాటిని నేలకు దింపుటకు పూనుకొనిరి. సామానుపెట్టెలో ఇసుకబస్తాలు వేసిరి. స్ప్రింగులలో కొన్ని చుట్లు కోసివేసిరి. ఇట్లు చేసినచో ప్రయాణసుఖము తగ్గును, గతుకులలో కారు అడుగు గీచుకొనును. అయినను వారికి కావలసినది సుఖము కాదు, వేగమును కాదు. పొడవుగా, నిండుగా, నేలమీద ప్రాకునట్లు కనబడు రూపము కావలెను. దానిని నలుగురును చూడవలెను.

అదే ప్రాంతమున, అదే కాలమున మరియొక యువకవర్గముండెను. వారు పాత ఫోర్డు కార్లను కొని, అనవసరమైన భాగములు తీసివేసి, ఇంజను బలము పెంచి, వేగముకొరకు తపించిరి. వారి కార్లకు 'హాట్ రాడ్లు' అని పేరు. వీరును మొదట వీథులలో పందెములు వేసి పోలీసులకు తలనొప్పి కలిగించినవారే. కాని వీరికి క్రమముగా ఒక చోటు దొరికినది. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరముగా ఎడారిలో మ్యూరాక్ అను ఎండిన సరస్సు కలదు; అచ్చటి చదునునేలమీద వీరు వేగము పరీక్షించుకొనిరి. 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ అను సంఘము ఏర్పడి ఆ పరీక్షలకు నియమములు కూర్చెను. 1951లో వాలీ పార్క్స్ అనునాతడు నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించెను. 1953లో పొమోనా పట్టణమున పోలీసు అధికారుల సహకారముతోనే పందెములు జరిగినవి. వీథిని బాధించిన వేగము మైదానమున క్రీడయైనది. నేడది కోట్ల డాలర్ల వ్యాపారము.

లోరైడర్లకు మాత్రము అట్టి మార్గము దొరకలేదు. ఇందులో జాతివివక్ష పాలు తప్పక యున్నది. అయితే మరియొక కారణమును గలదని మాకు తోచుచున్నది. వేగమునకు కావలసినది ఖాళీనేల. దానిని ఎడారిలోనైనను చూపవచ్చును. మందగమనమునకు కావలసినది జనము. మన పల్నాటిసీమలో శివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్ళకు విద్యుద్దీపములతో మెరయు ప్రభలను ఊళ్ళనుండి కట్టుకొని పోవుదురు. ఆ ప్రభలను కొండకడకు తేవలదు, ఊరవతల బీడులో నిలుపుకొనుడని ఎవరైన అనినచో, అది తిరునాళ్ళగునా? ఊరేగింపును వీథినుండి తొలగించుట దానిని మాన్పించుటయే. విట్టియర్ బులెవార్డున జరిగిన పోరాటమంతయు ఈ చిక్కునుండి పుట్టినదే.

1958లో అమలులోనికి వచ్చిన కాలిఫోర్నియా వాహనచట్టమునందు 24008వ నిబంధన యొకటి చేరినది. కారులోని ఏ భాగమును చక్రపు రిమ్ము అడుగు అంచుకంటె క్రిందికి దిగియుండరాదని దాని తాత్పర్యము. టైరులో గాలి పోయినపుడు కారు అడుగు రోడ్డును రాయకుండవలెనను భద్రతాదృష్టి ఇందు లేకపోలేదు. కాని ఆచరణలో ఈ కొలత ఒక వర్గపు కార్లను గుర్తించి ఆపుటకు చక్కని సాధనమైనది.

ఈ చట్టమునకు బదులు సభలలో రాలేదు, కార్ఖానాలో వచ్చినది. 1959లో రాన్ అగిర్రే అను యువకుడు తన 1957వ సంవత్సరపు కార్వెట్ కారునకు హైడ్రాలిక్ పంపులను, కవాటములను అమర్చెను. విమానములలో వాడు పరికరములే ఇందుకు ఉపకరించినవి. యుద్ధానంతరము అట్టి మిగులుసామగ్రి ఆ ప్రాంతమున చౌకగా దొరకుచుండెను. దీని పనితీరు సులభముగానే తెలియును. సామానుపెట్టెలోని బ్యాటరీల విద్యుత్తుతో పంపు తిరుగును. పంపు నూనెను గొట్టములద్వారా చక్రములకడనున్న సిలిండర్లలోనికి ఒత్తిడితో తోయును. ఆ ఒత్తిడికి కారు పైకి లేచును. మరియొక మీట నొక్కగా నూనె వెనుకకు మరలును. కారు నేలకు దిగును. పోలీసు కనబడినపుడు చట్టము చెప్పిన ఎత్తు. ఆయన మరలినపుడు మనసు చెప్పిన ఎత్తు. చట్టము విధించిన కొలతయే ఒక కొత్త యంత్రవిద్యకు కారణమైనది. పిమ్మట ఆ మీటలతో కార్లను ఒకవైపు వంచుట, మూడుచక్రములమీద నిలుపుట, నేలమీదనుండి ఎగిరించుట అను విన్యాసములు పుట్టినవి.

1958లోనే షెవ్రొలే సంస్థవారి ఇంపాలా కారు బజారునకు వచ్చెను. దాని చట్రము ఇంగ్లీషు అక్షరమాలలోని ఎక్స్ ఆకారమున ఉండుటచేత కారును దింపుటకు అనువుగా నుండెను. 1964 వరకు వచ్చిన ఇంపాలాలు లోరైడర్లకు నేటికిని ప్రాణప్రదమైనవి.

1960, 1970 దశకములలో వారాంతపు రాత్రి విట్టియర్ బులెవార్డు ఎట్లుండెడిదో ఊహింపుడు. దుకాణముల దీపములక్రింద కార్లు ఒకదానివెనుక నొకటి సాగును. వాటి రంగు ఒక్కపూత రంగు కాదు. వెండి మెరుగుపైన పారదర్శకమైన ఎరుపు, నీలము, ఆకుపచ్చ పొరలు పలుమారులు పూసి, ప్రతి పొరను నునుపు చేయగా లోతైన నీటివలె కాంతి వచ్చును. లోపల మఖ్మలు పరుపులు, వెలుపల కమ్మీల చక్రములు, అద్దమువంటి క్రోమియపు పూత. కొందరు తలుపులమీద గ్వాడలూపే మాతను, గతించిన తండ్రిని, పుట్టిన ఊరిని చిత్రింపించుకొనిరి. 'బహీతో ఈ స్వావెసీతో' అనునది వారి నినాదము. క్రిందుగా, మెత్తగా అని అర్థము.

ఈ వేడుకకు కట్టుబాట్లు లేకపోలేదు. రుయేలాస్ సోదరులు 1962లో స్థాపించిన డ్యూక్స్ క్లబ్బువంటి సంఘములు వెలసినవి. క్లబ్బు పేరుతో పోతపోసిన లోహపు ఫలకమును కారు వెనుక అద్దములో నిలుపుట గౌరవచిహ్నము. ఇంపీరియల్స్ క్లబ్బునకు చెందిన హెస్సే వలాదెస్ తన 1964వ సంవత్సరపు ఇంపాలామీద వందకు పైగా గులాబీలు చిత్రింపించి 'జిప్సీ రోజ్' అని పేరుపెట్టెను. 1974లో మొదలైన 'చికో అండ్ ది మాన్' అను టెలివిజన్ నాటకమాలికకు ముందుగా చూపు దృశ్యములలో ఆ కారే దేశమంతటికిని కనబడినది.

ఈ కథలో రేడియోకును పాలు కలదు. 1950 దశకమున ఆర్ట్ లబో అను ప్రసారకర్త స్టూడియో వదలి, హాలీవుడ్‌లో కార్లలోనే కూర్చుండి ఫలహారము చేయు ఒక భోజనశాలకడ మైకు నుంచెను. కార్లలో వచ్చిన యువతీయువకులు తాము కోరిన పాటను, అది ఎవరికి అంకితమో ఆ పేరును ఆయనకు చెప్పెడివారు. 1959లో ఆయన 'ఓల్డీస్ బట్ గూడీస్' అను పాతపాటల రికార్డు వెలువరించెను. నెమ్మదియైన ఆ పాతపాటలే నెమ్మదిగా సాగు ఆ కార్లకు తోడైనవి. 2022 అక్టోబరులో 97 ఏండ్ల వయస్సున మరణించువరకు ఆయన ఆ పని మానలేదు. చెరసాలలోనున్న భర్తకు భార్య ఒక పాటను అంకితము చేయును; ఆ పాట చెరసాలలోను వినబడును, వీథిలోని కారులోను వినబడును. శ్రోతలు కోరిన పాటలను ప్రసారముచేయు మావంటివారికి ఇంతకంటె గొప్ప సాఫల్యము వేరే లేదనిపించును.

ఇక రెండవపక్షపు మాటయు చెప్పవలెను. వందలకొలది కార్లు ఒకే వీథిలో సాగుచున్నపుడు అచ్చటి దుకాణదారునకు బేరము పడిపోవును; గృహస్థునకు నిద్ర చెడును; ఆంబులెన్సునకు దారి దొరకదు. కొన్ని రాత్రులలో గుంపుల నడుమ కొట్లాటలును జరిగినవి. ఈ ఫిర్యాదులు కల్లలు కావు. కాని ఆ వీథిలో పోలీసులకును, ప్రజలకును నడుమ నమ్మకము అప్పటికే సడలియుండెను. 1970 ఆగస్టు 29వ తేదీన వియత్నాం యుద్ధమునకు వ్యతిరేకముగా మెక్సికో సంతతివారు వేలకొలదిగా విట్టియర్ బులెవార్డు వెంట ఊరేగిరి. షెరీఫు బలగములు ఆ సభను చెదరగొట్టినవి. ఆనాడే ఆ వీథిలోని ఒక పానశాలలో కూర్చుండియున్న సుప్రసిద్ధ పాత్రికేయుడు రూబెన్ సలాసార్, షెరీఫు ఉద్యోగి పేల్చిన బాష్పవాయు గుండు తలకు తగిలి మరణించెను. ఈ జ్ఞాపకము పచ్చిగా నుండగనే, 1979లో షెరీఫు శాఖవారు ఆ వీథిని క్రూజింగునకు మూసివేసిరి.

అటుపిమ్మట రాష్ట్రప్రభుత్వము క్రూజింగును నిషేధించు అధికారము స్థానికసంస్థలకిచ్చెను. రద్దీగానున్న ఒకే చోటును నిర్ణీతకాలములో మరల మరల దాటిపోవుట నేరముగా నిర్వచింపబడినది. శాన్ హోసే నగరము 1986లోను, శాక్రమెంటో 1988లోను, నేషనల్ సిటీ 1992లోను నిషేధములు విధించినవి. ఈ శాన్ హోసే మనవారికి పరిచితమైన పేరే; కంప్యూటరు సంస్థలలో పనిచేయు తెలుగు కుటుంబములు పెక్కు ఆ ప్రాంతమున కాపురమున్నవి. ఆ నగరములోని స్టోరీ, కింగ్ అను రోడ్ల కూడలి ఒకప్పుడు లోరైడర్ల రాత్రులకు పెట్టినది పేరు. 'లో రైడర్' పత్రిక 1977లో వెలువడినదియు ఆ నగరమునుండియే.

వీథిలో నేరమైన వస్తువు ఇదే కాలమున మ్యూజియములో కళాఖండమైనది. న్యూ మెక్సికో రాష్ట్రములో చిమాయో గ్రామవాసి యొకడు 1969వ సంవత్సరపు ఫోర్డు కారును లోరైడరుగా తీర్చుచు, పని ముగియకముందే ప్రమాదమున మరణించెను. భార్యయు, బంధువులును ఆ పని పూర్తిచేసిరి. 'డేవ్స్ డ్రీమ్' అను ఆ కారును 1990లో స్మిత్సోనియన్ సంస్థ తన జాతీయచరిత్ర సంగ్రహాలయమునకు చేర్చుకొన్నది. 2017లో జిప్సీ రోజ్ కారు జాతీయ చారిత్రక వాహనముల పట్టికకెక్కి, రాజధాని వాషింగ్టన్ నడిబొడ్డున అద్దపుగదిలో ప్రదర్శింపబడినది. అద్దములో కదలకయున్న కారునకు గౌరవము, వీథిలో కదలు కారునకు జరిమానా. ఈ వైపరీత్యము చూచినవారికి నవ్వును వచ్చును, నొప్పియు కలుగును.

మార్పు మెల్లగానే వచ్చినది. క్లబ్బులవారు కలసి నగరసభలకు పోయి వాదించిరి. వారిలో పెక్కురు అప్పటికి తాతలు, అమ్మమ్మలు. శాక్రమెంటో, శాన్ హోసే నగరములు 2022లో నిషేధములు ఎత్తివేసినవి. నేషనల్ సిటీ 2023లో ఎత్తివేసినది. తుదకు శాసనసభ్యుడు డేవిడ్ అల్వారెజ్ ప్రతిపాదించిన బిల్లుమీద గవర్నరు గావిన్ న్యూసమ్ 2023 అక్టోబరులో సంతకము చేసెను. 2024 జనవరి 1వ తేదీనుండి స్థానికసంస్థలకు క్రూజింగును నిషేధించు అధికారము పోయినది; కారు ఎత్తును గూర్చిన 1958నాటి నిబంధనయు తొలగినది.

దీనితో వీథి అదుపు తప్పినదని తలపరాదు. పందెములు వేయుట, త్రాగి నడుపుట, దారి అడ్డగించుట, మితిమీరిన శబ్దము చేయుట మునుపటివలెనే నేరములు. ఈ కాలమున కొందరు కుర్రవాండ్రు నాలుగురోడ్ల కూడలి నాక్రమించి, కార్లను గిరగిర త్రిప్పి ప్రాణములమీదికి తెచ్చుచున్నారు. లోరైడరు క్లబ్బులవారు ఆ పనిని తమ వేడుకతో కలుపవలదని ఖండితముగా చెప్పుచున్నారు. రాత్రి గుమిగూడు కార్లన్నియు ఒకటే యని భావించు అధికారి రెండింటికిని ఒకే మందు వేయును. హాని చేయనివాడు దండింపబడును, హాని చేయువాడు మరియొక కూడలికి పోవును.

కారు అంచు ఎంత క్రిందనున్నదని కొలుచుట సులభము. అది ఎవరికి ఏ బాధ కలిగించినదని తేల్చుట కష్టము. సులభమైన కొలతను చేపట్టినందున ఒక రాష్ట్రము అరువదియారేండ్లు ఒక వర్గమును అనుమానముతో చూచినది. కష్టమైన పనిని ఆరంభముననే చేసియుండినచో, దుకాణదారుని ఫిర్యాదుకును, యువకుని వేడుకకును చోటుండెడిది. నాడు విట్టియర్ బులెవార్డునుండి తరుమబడిన యువకులకు నేడు జుట్టు నెరసినది. వారి కార్లు మరల రాత్రివేళ దీపములక్రిందికి వచ్చుచున్నవి. ప్రక్కన మనుమలు కూర్చుండి, దారిలోనివారికి చేతులూపుచున్నారు.